వంటింటి భాషకు బడిలో సీటు

మా అంపారో చెయ్యెత్తితే సిమెంటు లారీ కూడా ఆగుతుంది. సాన్ ఆంటోనియోలో మా పడమటి పేట చర్చి మలుపు దగ్గర బడిపిల్లల్ని రోడ్డు దాటించడం ఇరవై రెండేళ్ళుగా ఆమె పని. పసుపు కోటు, చేతిలో ఎర్ర పలక, మెడలో ఈల. మనిషి నా భుజం దాకా కూడా రాదు గానీ గొంతు రెండు వీధుల అవతలికి వినిపిస్తుంది. ఒకసారి ఒక పోలీసు కుర్రాడు కారు ఆపకుండా పోబోతే, బానెట్టు మీద పలకతో ఒక్కటిచ్చి, వాడిని కిందికి దింపి పిల్లలందరి ముందూ తప్పైందనిపించింది. వాడు ఇప్పటికీ ఆ మలుపు దగ్గర అందరికన్నా ముందు ఆగుతాడు.

నేను ఒరాలియాని. అంపారో నాకు వదిన. ఆమె కూతురు డెలియాకు జ్ఞానస్నానం చేయించినప్పుడు బిడ్డను పట్టుకున్నది నేనే కాబట్టి అలా వరసలు కలిశాయి. స్నేహం మాత్రం అంతకన్నా పాతది, ఒకటో తరగతి నాటిది.

ఆ మలుపు దాటేవాళ్ళలో ముప్పాతిక మంది మా మెక్సికో వాళ్ళే. ముసలమ్మలు మనవళ్ళ చెయ్యి పట్టుకుని వచ్చి స్పానిష్‌లో పలకరిస్తారు. అంపారో ఇంగ్లీషులో జవాబిస్తుంది. అర్థం కాక కాదు. బడి కనిపించేంత దూరంలో స్పానిష్ నోట రానివ్వకూడదని ఆమె పెట్టుకున్న నియమం.

ఆ నియమానికి కారణం నేను. ఈ మాట విని మీరు నన్ను తిట్టుకుంటారు, తిట్టుకోండి. మేం ఒకటో తరగతి చదివే రోజుల్లో బడిలో స్పానిష్ మాట్లాడిన పిల్లల పేర్లు టీచరుకు చెప్పడం క్లాసు లీడరు పని. లీడరు నేను. అంపారో తాడాట ఆడుతూ ఒకటీ రెండూ మూడూ అని మా భాషలో లెక్కపెట్టింది. నేను వెళ్ళి చెప్పాను. టీచరు నల్లబల్ల మీద సుద్దతో సున్నా చుట్టి, అందులో ముక్కు ఆనించి నిలబడమంది. ఆ సున్నాని కావాలనే జానెడు పైకి చుట్టింది. ఆరేళ్ళ పిల్ల, మునివేళ్ళ మీద, భోజనం గంట కొట్టేదాకా అలాగే నిలబడింది. ఏడవలేదు. ఇంటికొచ్చే దారిలో నాతో తనకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లోనే మాట్లాడింది. అది తలచుకుంటే ఇప్పటికీ నాకు తల కొట్టేసినట్టవుతుంది.

అందుకే డెలియాను ఇంగ్లీషులోనే పెంచింది. మేమిద్దరం వంటింట్లో కూచుని పేట కబుర్లన్నీ స్పానిష్‌లో దంచుకుంటుంటే, డెలియా అడుగుల చప్పుడు వినగానే పంపు కట్టేసినట్టు ఆపేసి ఇంగ్లీషులోకి దిగేవాళ్ళం. ఆ పిల్లకు ముప్పై నాలుగేళ్ళొచ్చినా అదే వరస. పేరేమో డెలియా త్రెవీన్యో, నోరు తెరిస్తే ఒక్క స్పానిష్ ముక్క లేదు.

మొన్న జనవరిలో డెలియా ఆసుపత్రిలో నర్సు డ్యూటీ దిగి, ఆ నీలం బట్టల్తోనే సరాసరి తల్లి వంటింట్లోకొచ్చి కూలబడింది. మేం టమాలేలు చుడుతున్నాం, మొక్కజొన్న పొత్తుల మీది రేకులు పరిచి, వాటికి పిండి పూస్తున్నాం. నాలుగేళ్ళ మనవరాలు రెనాటా బల్ల కింద కూచుని రేకులు చింపుతోంది.

"ఇవాళ ఒక తాత ఏదో అడిగాడత్తా," అంది డెలియా నాతో. "మన పేటాయనే. నా బ్యాడ్జీ మీద పేరు చూసి, చెయ్యి పట్టుకుని అడుగుతున్నాడు. నాకు అర్థం కాలేదు. పరిగెత్తి దుబాసీని పిలుచుకొచ్చా. ఎవరనుకున్నావ్? మిన్నెసోటా నుంచొచ్చిన పిల్ల, జుట్టు పసుపు పచ్చగా ఉంటుంది, ఆ పిల్ల. గలగలా మాట్లాడేసింది. ఇంతకీ ఆయనడిగింది దుప్పటి. దుప్పటి, అంతే!"

"ఇచ్చావుగా దుప్పటి?" అంది అంపారో తలెత్తకుండా.

"ఇచ్చాలేమ్మా. ఆయన ఏదో అన్నాడు. ఆ పిల్ల మొహమాటపడుతూ చెప్పింది. నువ్వు ఎవరింటి బిడ్డవమ్మా, నీకు ఎవరూ లేరా, అని అడిగాడట."

అంపారో పిండి పూసిన రేకు మీదే మళ్ళీ పిండి పూసింది.

"రెనాటాను స్పానిష్ బడిలో వేస్తున్నా," అంది డెలియా. "నా మొగుడితో కూడా చెప్పేశా."

"నీకు పిచ్చి గానీ పట్టిందా?" అంపారో ఇంత ఎత్తున లేచింది. "ఆ భాష అంటకూడదని నేను నా నోరు కుట్టేసుకుని నిన్ను పెంచితే, నువ్వు తీసుకెళ్ళి అందులోనే పడేస్తావా?"

"నోరు కుట్టుకోమని నేనడిగానా?"

తల్లీ కూతుళ్ళిద్దరిదీ ఒకే కోపం, ముక్కు మీదే ఉంటుంది. నేను మధ్యలో దూరకుండా రేకులు లెక్కపెట్టుకున్నాను.

బడి వెతకడానికి డెలియా నన్ను వెంటేసుకుని తిరిగింది. "అక్కడ చెప్పే స్పానిష్ మంచిదో కాదో నాకేం తెలుస్తుందత్తా? నువ్వొచ్చి విను," అంది. ఎంత చదువుకున్న పిల్ల, ఎంత బతిమాలుతూ అడిగిందో!

మొదట ఊరికి ఉత్తరాన, డబ్బున్నవాళ్ళ పేటలో ఒక బడి. టీచరమ్మ ఒహాయో మనిషి. పిల్లలు చాపల మీద కళ్ళు మూసుకుని, రంగుల పేర్లు స్పానిష్‌లో ముక్కుతో పలుకుతున్నారు. ఫీజు విని డెలియా మంచినీళ్ళడిగింది. రెండోది ఒకావిడ తన ఇంట్లో నడిపేది. అక్కడ స్పానిష్ మాట్లాడేది టీవీ ఒక్కటే. మూడోది ఎల్ నొగాల్. మా పేట చివరే, సర్కారు బడి, ఫీజు లేదు. నాలుగేళ్ళ పిల్లల దగ్గర్నుంచీ చదువూ ఆటా పాటా అన్నీ స్పానిష్‌లోనే. మేం గేటు దగ్గర నిలబడేసరికి ఒక టీచరు ఇసకలో దొర్లుతున్న పిల్లవాణ్ణి కేకలేస్తోంది. అచ్చం మా అమ్మ నన్ను తిట్టిన తిట్లే.

"ఇదే," అన్నాను. "ఇంకెక్కడికీ పోనక్కర్లేదు."

అడిగేవాళ్ళు ఎక్కువ కాబట్టి ఏప్రిల్లో పేర్లు చీటీ తీస్తారు. డెలియాకు వరసగా డ్యూటీలు, మొగుడేమో చమురు బావుల దగ్గర. దరఖాస్తు పట్టుకొచ్చి తల్లి ముందు పెట్టింది. "నీకిష్టం లేదని తెలుసు. అయినా పూర్తిచేసి ఇచ్చిరా అమ్మా," అంది.

అంపారో కళ్ళద్దాలు పెట్టుకుని, గుండ్రటి అక్షరాలతో ఒక్కొక్కటే నింపింది. పేరు, పుట్టిన తేదీ, టీకాలు. ఆ తర్వాత ఒక ప్రశ్న: ఇంట్లో ఎక్కువగా మాట్లాడే భాష ఏది? అంపారో ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా ఇంగ్లీషు అని రాసింది. నేను పక్కనే ఉన్నాను. నేనైనా అదే రాసేదాన్ని. మా తరంలో ఆ గడిలో స్పానిష్ అని రాసిన అమాయకులు లేకపోలేదు. వాళ్ళ పిల్లల్ని వెనక గదిలో, మందమతుల కింద లెక్కగట్టి, విడిగా కూచోబెట్టారు. అప్పట్నుంచి పేటంతా ఒకటే మాట. బడి కాగితం మీద భాష అడిగితే ఇంగ్లీషు అని రాయి, కలం కింద పెట్టు.

ఏప్రిల్లో ఉత్తరం వచ్చింది. రెనాటా పేరు రాలేదు. ఆగేవాళ్ళ వరసలో నూట పన్నెండో నంబరు.

డెలియా బడికి వెళ్ళి అడిగింది. వచ్చాక తల్లి ముందు నిలబడి చెప్పిన తీరు నాకింకా కళ్ళకు కట్టినట్టుంది. అరవలేదు. అరిచినా బాగుండేది.

"సగం సీట్లు ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడే పిల్లలకట. వాటికోసం ఉత్తరాన ఉండే పెద్ద పెద్ద ఇళ్ళవాళ్ళంతా ఎగబడ్డారు. మిగతా సగం ఇంట్లో స్పానిష్ మాట్లాడే పిల్లలకు. ఇరవై సీట్లుంటే పదమూడు మందే అడిగారు. ఏడు ఖాళీ, అమ్మా. మన పేటలో, మన భాషకు, ఏడు సీట్లు ఖాళీ! నువ్వేం రాశావో చూపించారు. నీ చేతిరాత."

ఆ తర్వాత మూడు రోజులు డెలియా పిల్లను గుమ్మం దగ్గర దింపడం, మాట్లాడకుండా వెళ్ళిపోవడం. అంపారో మలుపు దగ్గర పలక ఎత్తుతోంది, దింపుతోంది, ఈల మాత్రం ఊదటం లేదు. పిల్లలు కూడా గమనించారు.

నాలుగో రోజు పొద్దున, పిల్లలంతా దాటాక, పసుపు కోటు విప్పకుండానే మా గుమ్మంలోకొచ్చింది.

"చెప్పులేసుకో వదినా. ఎల్ నొగాల్‌కి పోదాం పద."

"పోయి?"

"రాసిన చేత్తోనే కొట్టేస్తా."

హెడ్మిస్ట్రెస్ ఇబర్రా గారు నెమ్మదస్తురాలు. అంపారో చెప్పిందంతా విని, "దిద్దుకోవచ్చండీ. మన వాళ్ళు చాలామంది ఇలాగే రాస్తారు, మా అమ్మ కూడా అలాగే రాసింది," అంది. "కానీ దిద్దిన ప్రతి పిల్లతోనూ మా టీచరు ఒకసారి స్పానిష్‌లో మాట్లాడి చూస్తారు. సీటు కోసం అబద్ధం రాసేవాళ్ళు తయారయ్యారు మరి. గురువారం పదింటికి తీసుకురండి. ఆ రోజు పాప మాట్లాడితే సీటు మీదే."

అంపారో ఆ పెద్ద మనిషితో అంతసేపూ ఇంగ్లీషులోనే మాట్లాడింది. ఆవిడ స్పానిష్‌లో అడిగినా సరే.

ఈ సంగతి చెబితే డెలియా నవ్వలేక నవ్వింది. "రెనాటా మాట్లాడటమా? దానికి ఒక్క ముక్క రాదుగా. ఇంకోసారి పరువు తీసుకోవడానికా?"

అంపారో నా వంక చూసింది. నేను కిటికీ వంక చూశాను. ఎందుకంటే రెనాటాకు వచ్చు. బ్రహ్మాండంగా వచ్చు. ఆ సంగతి తెలిసింది మా ఇద్దరికే. డెలియా డ్యూటీకి పోగానే ఆ వంటింట్లో ఇంగ్లీషు ఉండేది కాదు. పిల్ల పుట్టిన కొత్తలో ఒకసారి అంపారో నాతో అంది, "డెలియాను ఇంగ్లీషులో జోకొట్టా వదినా. అప్పుడు వయసులో ఉన్నా, పంతం ఉంది. ఇప్పుడు నావల్ల కావటం లేదు. దీన్ని ఎత్తుకుంటే నోరు దానంతటదే మన భాషలోకి పోతోంది." నోరు పోయింది, పిల్ల పట్టేసింది. కానీ ఒకదానికి దక్కకుండా దాచిపెట్టింది ఇంకోదానికి ధారపోశానని సొంత కూతురికి ఏ మొహంతో చెబుతుంది? అందుకని పిల్లకు నేర్పింది. ఇది వంటింటి మాట, గుమ్మం దాటనివ్వకు, అమ్మ ముందు వద్దు, బడిలో అసలే వద్దు. నాలుగేళ్ళ పిల్ల నమ్మకంగా దాచింది. పెద్దవాళ్ళం, మాకే అంత చేతకాదు.

"తీసుకెళ్దాం," అంది అంపారో కూతురితో. అసలు సంగతి మాత్రం చెప్పలేదు.

గురువారం పదింటికి నలుగురం ఎల్ నొగాల్లో ఉన్నాం. టీచరు ఫిదెన్సియో అని లారెడో కుర్రాడు, చిన్న గడ్డం, మోకాళ్ళు చెవులకు తగిలేలా పిల్లల కుర్చీలో కూచున్నాడు. మేం గోడవారన. బల్ల మీద రంగు బొమ్మలు పరిచి, పడవ చూపించి స్పానిష్‌లో అడిగాడు, "ఇదేంటి తల్లీ?"

రెనాటా పడవను చూసింది. అమ్మమ్మను చూసింది. మూతి బిగించింది.

"పోనీ ఇది? మీ ఇంటి దగ్గరుందా ఇలాంటిది?" కోడిపెట్ట బొమ్మ.

పలుకు లేదు. చెప్పులు, ఎండ, రొట్టె అన్నీ అయిపోయాయి. కుర్రాడు ఓపిగ్గా ఎన్ని రకాలుగా అడిగినా పిల్ల పెదవి కదపలేదు. నా పక్కన డెలియా తల వంచుకుని బ్యాగు పట్టీ మెలితిప్పుతోంది. ఆ టీచరు బొమ్మలన్నీ నెమ్మదిగా దగ్గరికి చేర్చడం మొదలుపెట్టాడు.

నేను వదిన చెయ్యి గిల్లాను. ఆమె నోరు తెరిచింది, గాలి తప్ప ఏమీ రాలేదు. ఎదురుగా గోడకు నల్లబల్ల ఉంది. ఆమె దాన్నే చూస్తోంది. లారీలను ఆపే మనిషి, ఆ బల్ల ముందు ఆరేళ్ళ పిల్లలా ముడుచుకుపోయింది. నేను చెబితే ఒక్క నిమిషంలో అయిపోయేది, కానీ పిల్లను ఆపింది నేను కాదు. ఒకసారి నేను నోరు విప్పి ఈవిడ నోరు మూయించాను. ఈసారి నోరు మూసుకుని కూచున్నాను.

టీచరు ఆఖరి బొమ్మ తీసి ఫైల్లో పెట్టబోయాడు.

"రెనాటా!"

గది దద్దరిల్లింది. రోడ్డు మలుపు గొంతు. స్పానిష్.

"మాస్టారు అంతసేపట్నుంచి అడుగుతుంటే బెల్లం కొట్టిన రాయిలా కూచుంటావేమే? నోట్లో ఏమైనా పెట్టుకున్నావా?"

పిల్ల కళ్ళు ఇంతింత చేసుకుని, గుసగుసగా స్పానిష్‌లోనే అంది, "అమ్మమ్మా, ఇది బడి. బడిలో వద్దన్నావుగా."

అంపారో లేచి వెళ్ళి, అరవై ఏడేళ్ళ మోకాళ్ళ మీద ఆ పిల్ల ముందు కూచుంది. "తప్పు చెప్పానమ్మలూ. తప్పు నాది. ఇక్కడ మాట్లాడొచ్చు. గట్టిగా మాట్లాడొచ్చు. నీ ఇష్టం వచ్చినంత మాట్లాడు."

"నిజంగా?"

"నిజంగా."

అంతే. రెనాటా టీచరు చేతిలోంచి కోడి బొమ్మ లాక్కుంది. "ఇది పక్కింటి చేమా తాత కోడి. రోజూ మా దొడ్లోకొచ్చి కొత్తిమీర తినేస్తుంది. ఇంకోసారొస్తే కుండలో వేసేస్తానని అమ్మమ్మ అంది. ఉండు వదినా, చేమా చర్చిలో పూజకెళ్ళాక పట్టేద్దాం, మిరపకాయలు నేను తెస్తా, అని ఒరాలియా అమ్మమ్మ అంది. చేమా తాతకు పెళ్ళాం లేదు కాబట్టి లెక్కపెట్టుకోడట. ఆయన పళ్ళు పెట్టుడు పళ్ళు. నువ్వు ఎవరికీ చెప్పకు!"

ఫిదెన్సియో కడుపు పట్టుకుని కుర్చీలోంచి జారిపోయాడు. తలుపు దగ్గరికొచ్చిన ఇబర్రా గారు కళ్ళు తుడుచుకుంటోంది. పిల్ల ఆపితేగా! పడవ దగ్గరికి, అక్కణ్ణుంచి మా ఆయన గురక దగ్గరికి పోయింది. నాకు సిగ్గూ నవ్వూ కలిసి ముచ్చెమటలు పోశాయి.

"చాలు తల్లీ, చాలు," అన్నాడు టీచరు. "ఈ పిల్లను పరీక్షించడం కాదు గానీ, మిగతా క్లాసుకు ఈ పిల్ల చేత పాఠాలు చెప్పించాలి. సీటు నీదే."

ఇబర్రా గారు అంపారో ముందు కాగితం పెట్టింది. అంపారో ఇంగ్లీషు అన్న మాటను రెండు గీతలతో కొట్టేసి, పైన స్పానిష్ అని, గడి పట్టనంత పెద్ద అక్షరాలతో రాసింది.

డెలియా ఒక్కతే నవ్వలేదు. ఆ గదిలో ఏం జరిగిందో ఆ పిల్లకు అర్థం కాలేదు మరి. నడవాలోకి రాగానే కూతురి ముందు వంగింది. "ఏం చెప్పావే అక్కడ? అందరూ ఎందుకు నవ్వారు?"

రెనాటా అమ్మ బుగ్గలు రెండు చేతుల్లోకి తీసుకుని, నిదానంగా, ఒక్కొక్క మాటా ఇంగ్లీషులో విప్పి చెప్పింది. కోడి, కుండ, పెట్టుడు పళ్ళు. డెలియా వింది. నవ్వు వచ్చింది, దానితోపాటే కళ్ళనిండా నీళ్ళూ వచ్చాయి. లేచి తల్లిని చూసింది.

"ఎప్పట్నుంచి?"

"పుట్టినప్పట్నుంచీ," అంది అంపారో.

డెలియా సగం పూట డ్యూటీకి టైమవుతోందని వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నం బడి వదిలే వేళకు చర్చి మలుపు దగ్గర మా వదిన స్పానిష్‌లో కేకలు పెడుతుంటే జనం ఆగి చూశారు. కార్లు ఆపి మరీ అద్దాల్లోంచి తల దూర్చింది. "నీ మనవడికి నాలుగేళ్ళు కదూ? ఎల్ నొగాల్లో సీట్లున్నాయి. వెళ్ళి అడుగు. కాగితం మీద నిజం రాయి, విన్నావా? భయపడి ఇంగ్లీషు రాశావో, రేపట్నుంచి నిన్ను రోడ్డు దాటించను!" వెనక హారన్లు మోగుతుంటే పలక ఎత్తి చూపించింది. పది రోజుల్లో మిగతా ఆరు సీట్లూ మా పేట పిల్లలతో నిండిపోయాయి. ఆరుగురివీ దిద్దిన కాగితాలే.

అయితే ఆ గురువారం అక్కడితో అయిపోలేదు. నాలుగింటికి మేమిద్దరం వంటింట్లో కూచుని పొద్దుటి సంగతులు మళ్ళీ మళ్ళీ చెప్పుకుంటూ, స్పానిష్‌లో పడీ పడీ నవ్వుకుంటున్నాం. డెలియా గుమ్మంలోకొచ్చింది. మేం టక్కున ఆపేశాం. "కాఫీ తాగుతావా?" అని ఇంగ్లీషులో అడిగాను.

డెలియా కుర్చీ లాక్కుని మా మధ్య కూచుంది.

"మార్చకండి," అంది. "ఇందాక ఎలా మాట్లాడుకుంటున్నారో అలాగే మాట్లాడండి. నాకు అర్థం కాకపోయినా సరే."

అంపారో లేచి, పెనం మీది వేడి రొట్టె తీసి, వెన్న రాసి, చుట్టి డెలియా చేతిలో పెట్టింది. పుట్టి ముప్పై నాలుగేళ్ళయ్యాక ఆ బిడ్డతో మొదటిసారి మా భాషలో మాట్లాడింది.

"తిను బంగారం. ఆకలేసి ఉంటావు."

డెలియాకు అర్థమైంది. తినడం మొదలుపెట్టింది.